ఊరిలోనే ఉన్నావా?

నరసాపురము రేవులో పంటు కొరకు ఎదురుచూచినవారు మీలో కొందరుందురు. వసిష్ఠ గోదావరికి ఈవల నరసాపురము, ఆవల సఖినేటిపల్లి. పంటు ఆవలి ఒడ్డున ఉన్నప్పుడు ఈ ఒడ్డున మీరెంత తొందరపడినను ప్రయోజనము లేదు. అది నిండవలెను, కదలవలెను, నీటి వాలు చూచుకొని మెల్లగా ఇటు చేరవలెను. అంతవరకు మోటారు సైకిలు మీద వచ్చిన ఆసామియు, కొబ్బరి కాయలు తెచ్చిన ముసలివాడును, చంటిబిడ్డ నెత్తుకొనిన తల్లియు ఒకే గట్టు మీద నిలువవలసినదే. పట్టణములో ఒక్క నిమిషము ఆలస్యమైనచో మండిపడు మనుష్యుడు ఇక్కడ అరగంట నిలిచి, నీటి మీది కొంగలను చూచి, ప్రక్కవానిని వాని ఊరి సంగతులడిగి, మనసు తేలికపడి ఆవలికి పోవును.

ఈ నిదానము మంచిదా? మంచిదైనచో ఎవరికి మంచిది? దానిని అనుభవించువాడు దాని నిమిత్తము ఎవరికైనను ఋణపడియున్నాడా? ఈ ప్రశ్నలు నాకు పుస్తకములలో ఎదురైనవి కావు. మా బంధువుల యింటిలోనే, నా మేనల్లుని మూలముగా పుట్టినవి. అతని అనుమతి పొందియే ఈ సంగతి మీకు వ్రాయుచున్నాను.

మా బావగారిది గోదావరి గట్టునకు కొద్ది దూరములో పాత మేడ యిల్లు. మేనల్లుడు హైదరాబాదులో ఒక కంప్యూటరు కంపెనీలో ఉద్యోగి. అతడు చేయు పని అంతయు అమెరికా దేశపు వర్తకుల కొరకైనది. 2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధి వ్యాపించుచుండగా, ఇక ఆఫీసుకు రానక్కరలేదు, ఎవరింటి నుండి వారు పని చేయవచ్చునని పైవారు చెప్పిరి. అతడు ల్యాప్‌టాపు సంచిలో పెట్టుకొని రాత్రి రైలెక్కి వచ్చెను. ఆ రైలు మార్గమునకు నరసాపురమే కడపటి స్టేషను. కొద్ది దినములకే రైళ్లు నిలిచిపోయినవి. ఆ నెల 25వ తేదీ మొదలుకొని దేశమంతట లాక్‌డౌన్ అమలాయెను. నెల దినములని వచ్చినవాడు రెండు సంవత్సరములు దాటినను ఇక్కడనే ఉండిపోయెను.

మొదటి దినములలో అతని సంతోషము చూచి మేమందరమును సంతోషించితిమి. హైదరాబాదులో ఆఫీసుకు పోవుటకు ఒక గంట, వచ్చుటకు ఒక గంట రోడ్డు మీదనే గడిచెడిది. అద్దె గది, హోటలు భోజనము, చెవులు చిల్లులు పడు హారనులు. ఇక్కడ తెల్లవారి గుడి గంట, గుడిగోపురము మీది పావురములు, అక్క చేతి పెసరట్టు. సాయంకాలము మేడ మీద కుర్చీ వేసికొని కూర్చుండిన ప్రొద్దు క్రుంకు వేళ గోదావరి కనబడును. వరదనీరు వచ్చిన నెలలలో పులస చేప పులుసు. ఇంటి అద్దె లేదు గనుక జీతములో అధికభాగము మిగులుచుండెను. "మావయ్యా, నేనిన్నాళ్ళూ బతికింది బతుకు కాదు. ఇదీ బతుకంటే," అని అతడు నాతో అనెను.

ఆ సంతోషమును నేను తప్పుపట్టను. అలసిన దేహమునకు విశ్రాంతి కావలెను. కన్నవారి చెంత భుజించు అన్నము గొప్ప మేలు. ఒకడు తన ఊరిని ప్రేమించి అందులో నివసింపగోరుట పాపమెట్లగును? అనేక సంవత్సరములుగా మన పల్లెల నుండి చదువుకొనిన బిడ్డలందరు వెళ్లిపోవుచుండగా, ఒకడు తిరిగివచ్చినాడని సంఘములోని పెద్దలు సయితము సంతసించిరి.

అయితే కొన్ని గురుతులు మా కన్నులకు కనబడినను మేము వాటిని గ్రహింపలేదు. పగలు కొంత పని. అసలు పని సాయంకాలము మొదలగును. ఏలయనగా న్యూయార్కు నగరములో ఉదయము తొమ్మిది గంటలైనప్పుడు శీతకాలములో మనకు రాత్రి ఏడున్నర. అక్కడివారు మేల్కొని కుర్చీలలో కూర్చుండు వేళకు ఇతడు మేడగది తలుపు మూసికొని, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని కూర్చుండవలెను. కాఫీ మేడ మీదికే పోవుచుండెను. రాత్రి భోజనము పళ్లెములో పెట్టి అక్క మెట్లెక్కి యిచ్చి వచ్చెడిది. బావగారు రిటైరయిన ఉపాధ్యాయులు, మాటలాడుట యందు ప్రీతి గలవారు. కుమారుడు వచ్చిన క్రొత్తలో, "అబ్బాయీ, అలా గట్టు దాకా వెళ్ళొద్దామా?" అని పిలుచుచుండిరి. "ఒక్క నిమిషం నాన్నా" అని బదులు వచ్చెడిది. ఆ నిమిషము గంట యగును, గంట రాత్రి యగును. కొన్ని నెలలకు ఆయన పిలుచుట మానిరి. ఆయన మానినారన్న సంగతి కుమారునికి తెలియనే లేదు.

సాయంకాలపు గోదావరిని మాత్రము ఫోనులో బొమ్మలుగా తీసి అతడు తన మిత్రులకు పంపుచుండెను. వారు చూచి, అదృష్టవంతుడవని వ్రాయుచుండిరి. ఆ బొమ్మలలో పంటు కలదు, నావలు కలవు, వల విసరుచున్న మనుష్యుడును కలడు. ఆ మనుష్యుడెవరో, ఆ దినమున అతనికి చేపలు పడినవో లేదో మేడ మీద నుండి తెలియదు.

2022వ సంవత్సరము శీతకాలమున ఒక రాత్రి ఈ సంగతి జరిగెను. అక్క ప్రార్థన కూటమునకు వెళ్లియుండెను. బావగారు పెరటిలో కుళాయి కట్టుటకు దిగి, తడిసిన నాపరాయి మీద కాలు జారి పడిరి. తుంటి ఎముక విరిగెను. ఆయన రెండు మారులు కుమారుని పేరు పెట్టి కేక వేసిరి. మేడగది తలుపు మూసియున్నది. చెవులలో అమెరికా వారి మాటలున్నవి. ఆ కేక గోడ అవతలికి వినబడెను గాని మేడ మీదికి వినబడలేదు.

పెరటిగోడ కవతల సందులో లేసు అల్లుకొని జీవించు ఒక వృద్ధురాలున్నది. భర్త లేడు. కుమార్తె కువైటులో ఇండ్లలో పని చేయుచున్నది. ఆ కుమార్తె బిడ్డలను ఈమె పెంచుచున్నది. కేక విని ఆమె అల్లిక సూది చేతిలోనే పట్టుకొని పరుగెత్తివచ్చి, పెరటి తలుపు తోసి, వీధిలో పోవుచున్న ఆటో నడుపువానిని పిలిచి, అతడును ఆమెయు కలిసి బావగారిని లేవనెత్తి ఆసుపత్రికి తీసికొనిపోయిరి. యాబది నిమిషములు గడచిన పిమ్మట మేనల్లుడు మంచినీళ్ల కొరకు క్రిందికి దిగెను. ఇల్లు ఖాళీగా ఉన్నది. పెరటిలో తండ్రి చెప్పు ఒకటి, తెల్లని దారపు ఉండ ఒకటి పడియున్నవి.

అతడు ఆసుపత్రికి పరుగెత్తునప్పటికి వరండాలో బల్ల మీద ఆ వృద్ధురాలు కూర్చుండియున్నది. అతనిని చూచి ఆశ్చర్యపడి ఆమె పలికిన మాట ఇది: "ఊళ్ళోనే ఉన్నావా బాబూ? కంపెనీలవాళ్ళందర్నీ వెనక్కి పిలిచేశారని చెప్పుకున్నారు. నువ్వూ వెళ్ళిపోయావనుకున్నాను. ఉన్నావని తెలిస్తే ముందు నిన్నే కేకేద్దును."

ఆ మాటలో నింద లేదు. నింద యున్నచో అతడు సహించియుండును. రెండు సంవత్సరముల ఎనిమిది నెలలు గోడ కీవల నివసించినవాడు, గోడ కవతల నున్న ఆమె లెక్కలో ఊరిలో లేడు. ఆ రాత్రి అతడు నాతో, "మావయ్యా, ఆవిడ చెప్పింది నిజమే. నేను ఊళ్ళో లేను," అనెను. ఆ మాట అనుచున్నప్పుడు అతని కంఠము వణకెను.

పాఠకులారా, దూరదేశపు పని మన గోదావరి ప్రాంతమునకు క్రొత్త కాదు. మన తాతల కాలములో ఈ తీరము నుండి అనేకులు ఓడలెక్కి రంగూను పోయిరి. 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించినప్పుడు వేలాది మన దేశస్థులు అడవుల గుండ కాలినడకను మరలివచ్చిరి. త్రోవలో ఎందరో మరణించిరి. నేడు మన పల్లెల నుండి తల్లులు కువైటుకును, మస్కటుకును పోవుచున్నారు. వారి దేహములు దూరమున ఉన్నవి. అయితే వారి మనసులెక్కడ? ఆ వృద్ధురాలి కుమార్తె ప్రతి రాత్రి ఫోను చేసి, పెద్దవాడు బడికి పోయినాడా, చిన్నదానికి జ్వరము తగ్గినదా, నీవు మందు వేసికొంటివా అని అడుగునట. సముద్రముల కవతల నున్నది గాని ఆమె ఆ యింటిలోనే కాపురమున్నది. మా మేనల్లుడన్ననో మెట్ల మీద నుండి కేక వేసిన వినబడునంత దూరములో ఉండి, మనసు వేల మైళ్ల దూరమున ఉంచెను. వీరిరువురిలో ఊరిలో నున్నదెవరు?

ఊరిలో ఉండుట అనునది దేహము సంగతి మాత్రమే కాదని ఇందువలన తెలియుచున్నది. ఇరుగుపొరుగు వారు ఆపదలో మొదట ఎవరిని పిలుతురో వారే ఊరిలోనున్నవారు. తక్కినవారు చల్లని నీడను చూచి ఆగిన బాటసారులు.

ఇక రెండవ సంగతి. అది నాకును మేనల్లునికిని కొంత ఆలస్యముగా తెలిసినది. బావగారికి శస్త్రచికిత్స జరిగి ఇంటికి వచ్చిన పిమ్మట, అతడు కృతజ్ఞత తెలుపుటకై ఆ వృద్ధురాలి అరుగు మీద కూర్చుండెను. ఆమె మాటలాడుచునే అల్లుచుండెను. చూపు అతని మీదను, వ్రేళ్లు దారము మీదను ఉన్నవి. ఆ వ్రేళ్ల వేగము చూచి అతడు విస్మయమొందెను. చిన్న ఊరిలో అందరు నిదానముగా జీవింతురని అతడు రెండు సంవత్సరములుగా మిత్రులకు వ్రాయుచుండెను గదా!

నరసాపురపు లేసు సంగతి మీలో అనేకులెరుగుదురు. 1836లో ఇంగ్లండు నుండి వచ్చిన బౌడెన్, బీర్ అను మిషనరీలు ఈ ప్రాంతమున గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసిరి. ఆ శతాబ్దములోనే మిషనరీ కుటుంబముల స్త్రీలు ఇక్కడి బీద క్రైస్తవ స్త్రీలకు ఈ అల్లిక నేర్పిరి. పిమ్మట అది ఇతర కులముల స్త్రీలలోను వ్యాపించెను. ఏజెంటు దారమిచ్చి పోవును, అల్లిన దానిని తీసికొనిపోవును. అది వర్తకుల చేతులు మారి దేశాంతరములకు పోయి, అక్కడి భోజనపు బల్లల మీద పరచబడును. 2024లో ఈ అల్లికకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అనగా, కంప్యూటరు పుట్టుటకు ఎంతో ముందే నరసాపురపు స్త్రీలు ఇంటి గడప దాటకుండ విదేశీయుల కొరకు పని చేయుచుండిరి.

జర్మనీ దేశపు విదుషి మరియా మీస్ ఈ స్త్రీల జీవితమును పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. వీరు దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లుచున్నను వీరిని పనివారలని ఎవరును ఎంచలేదనియు, ఇంటి ఇల్లాండ్రు తీరిక వేళ చేసికొను పనియని చెప్పి అత్యల్పమైన కూలి ఇచ్చుచుండిరనియు, లాభము వర్తకుల పాలగుచుండెననియు ఆమె చూపెను. తీరిక! ఎంత మృదువైన మాట! ఆ మాట క్రింద ఎన్ని గంటల శ్రమ కప్పబడినది!

మేనల్లుడు ఆమెను, "మామ్మగారూ, రోజుకి ఎన్ని గంటలు అల్లుతారు?" అని అడిగెను. ఆమె నవ్వి, "గంటలెవరు లెక్కపెట్టారు బాబూ? అన్నం ఉడుకుతుంటే అల్లుతాను, పిల్లలు చదువుకుంటుంటే అల్లుతాను. నిద్ర రాకపోతే అల్లుతాను," అనెను. అతడు లెక్కలు వచ్చినవాడు గనుక అక్కడనే మనసులో లెక్క కట్టెను. ఆమె నెల దినములు అల్లి సంపాదించునది, అతడు ఒక్క పూటలో సంపాదించుచున్నాడు. ఇద్దరును ఒకే ఊరిలో, ఒకే గోడ కిరుప్రక్కల కూర్చుండి, దూరదేశస్థుల కొరకు ఇంటి నుండియే పని చేయుచున్నారు. ఒకరి జీవితమునకు ప్రశాంత జీవితమని పేరు. రెండవవారి శ్రమకు తీరిక అని పేరు.

మీరు చూచితిరా? చిన్న ఊరిలోని నిదానము అందరికిని ఒకటే కాదు. రేషను దుకాణము ముందు నిలిచియుండుట నిదానము కాదు. పని దొరకక అరుగు మీద కూర్చున్న యువకునిది విశ్రాంతి కాదు. శివారు పొలమునకు కాలువ నీరు ఎప్పుడందునా యని గట్టు మీద కాచుకొనిన కౌలు రైతు చల్లగాలి అనుభవించుట లేదు. పంటు కొరకు నిలిచినవారిలో సయితము, సెలవు దినమున అంతర్వేది చూడబోవు వానికి అరగంట ఆలస్యము వినోదము. దినకూలికి పోవువానికి అది కూలిలో కోత. తనకు తానై మెల్లగా నడచువాడు ధన్యుడు. కాలికి దెబ్బ తగిలి మెల్లగా నడచువానిని చూచి, ఆహా ఎంత నెమ్మది గలవాడవని మెచ్చుకొనిన అది పరిహాసము గదా!

ఇంకొక చిన్న సంగతి. పులస దొరకు దినములలో మేనల్లుడు చేపలమ్ము స్త్రీ అడిగిన ధర బేరమాడక ఇచ్చివేయుచుండెను. అది తన ఔదార్యమని అతని తలంపు. వాని వంటివారు నలుగురు ఊరిలోనికి వచ్చిన పిమ్మట ఆ ధరయే ధరగా నిలిచెను. ఏటేట ఒక్కసారియైనను పులస తెచ్చుకొను మా వీధి దర్జీ ఆ యేడు బుట్ట చూచి ఊరక మరలిపోయెను. పట్టణపు జీతము చిన్న ఊరి సంతలో దిగినప్పుడు ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో, అద్దె ఇండ్ల వారిని అడిగినను చెప్పుదురు. ఇందులో అతడు చేసిన దొంగతనమేమియు లేదు. కాని తెలియకుండ త్రొక్కిన కాలు తెలిసి త్రొక్కినంత నొప్పియే కలిగించును.

విశ్రాంతి దినమును గూర్చిన ఆజ్ఞ మనకందరికిని కంఠస్థమే. అది ఇంటి యజమానునికి మాత్రమే విశ్రాంతి నిచ్చి ఊరకుండలేదు. కుమారుని, కుమార్తెను, దాసుని, దాసిని, పశువును, ఇంటనున్న పరదేశిని వరుసగా లెక్కించినది. యజమానుడు విశ్రమించుచుండగా దాసి వంటయింట చెమటోడ్చినచో అది విశ్రాంతి దినము కాదు. మా మేనల్లుడు మేడ మీద ప్రశాంతముగా నుండుటకు మా అక్క దినమునకెన్ని మారులు ఆ మెట్లెక్కి దిగెనో ఎవరైన లెక్కించిరా? ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆమె ఒక్కనాడును చెప్పలేదు. మేమును అడుగలేదు.

ఈ గోదావరి గట్టు మీది చల్లదనము సయితము ఊరక వచ్చినది కాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. కాటను దొర పేరు మనమందరము ఎరుగుదుము. రాళ్లు కొట్టిన, మట్టి మోసిన వేలాది కూలీల పేర్లు ఎవరును ఎరుగరు. కాలువ గట్టున కొబ్బరి నీడలో కూర్చుండి మనము పొందు సుఖము వారి చెమట మీద నిలిచినది. కాబట్టి నిదానమైన జీవితము నా సంపాదన అని ఎవడును అనలేడు. అది చేతికందిన సొమ్ము; దానికి లెక్క చెప్పవలసినవారము మనము.

ఇప్పుడు మీలో ఒకరు నన్నడుగవచ్చును: అయితే ఆ కుర్రవాడు ఉద్యోగము మానవలెనా? లేక హైదరాబాదు పోవలెనా? నేనట్లనను. జీతమిచ్చువానికి న్యాయముగా పని చేయుట అతని ధర్మము. యజమానుడు చూచుట లేదు గదా యని పని వేళ గట్టు మీద తిరుగుట నిదానము కాదు, అది దొంగతనము. మరియు ఇంటివారికిని ఒక మాట చెప్పవలెను. ఇంటి నుండి పని చేయు బిడ్డను చూచి, "ఇంట్లోనే ఉన్నాడుగా" అని గంటకొక పని చెప్పు తలిదండ్రులు కలరు. కంప్యూటరు ముందు కూర్చున్నవానిని సోమరిగా ఎంచరాదు. పొలములో దున్నుచున్నవానిని నడిమి చాలులో పిలువము గదా! పని వేళ పనికి, ఇంటి వేళ ఇంటికి చెందవలెను. మా మేనల్లుని తప్పు అతడు పని చేయుటలో లేదు. పని ముగిసిన తరువాత మిగిలిన కాలమంతయు తనదే యనుకొనుటలో ఉన్నది.

ప్రవక్తయైన యిర్మీయా యెరూషలేము నుండి బబులోనులోని చెరపట్టబడిన వారికి వ్రాసిన ఉత్తరమును జ్ఞాపకము చేసికొనుడి. వారి దేహములు బబులోనులో, మనసులు యెరూషలేములో ఉండెను. నేడో రేపో పోయెదము గదా, ఈ ఊరితో మనకేమి పని యని వారి తలంపు. ప్రవక్త వారిని ఇండ్లు కట్టుకొనుమనెను, తోటలు నాటుమనెను, తామున్న పట్టణపు క్షేమము కోరుమనెను. ఆ పట్టణము వారికి ఇష్టమైనది కాదు, వారు ఎన్నుకొనినది కాదు. అట్టి స్థలము విషయములోనే ఆ విధి యుండగా, తానుగా కోరి వచ్చిన సొంత ఊరి విషయములో మన విధి ఎంత యధికము!

మేనల్లుడు ఇప్పుడేమి చేయుచున్నాడో చెప్పి ముగించెదను. ఇది గొప్ప కథ కాదు. అతడు తన పని బల్లను మేడ మీద నుండి క్రింది గదికి మార్చెను. ఒక చెవి మాత్రము మూసికొనును. రెండవ చెవి ఇంటికి విడిచిపెట్టెను. రాత్రి భోజనము పళ్లెములో మెట్లెక్కుట లేదు. సాయంకాలము అయిదు మొదలు ఏడు వరకు ల్యాప్‌టాపు మూసివేయును. ఆ వేళ తమకు కుదరదని అమెరికా వారితో చెప్పుటకు అతడు మిక్కిలి భయపడెను. చెప్పిన తరువాత వారు సరే యనిరి. అన్ని చోట్ల అట్లు సరే యనరని నేనెరుగుదును. ఆ రెండు గంటలలో మొదటిది తండ్రిది. బావగారు చేతికర్ర పట్టుకొని, కుమారుని భుజము మీద చేయి వేసి, రేవు దాక నడచుచున్నారు. మునుపు పది నిమిషముల త్రోవ, ఇప్పుడు నలుబది నిమిషములు పట్టును. అంత నిదానముగా ఆ కుర్రవాడు తన జన్మలో నడచియుండలేదు.

రెండవ గంట ఆ వృద్ధురాలి అరుగు మీద. కువైటు తల్లి బిడ్డలును, ఆ సందులోని మరి ముగ్గురు నలుగురు పిల్లలును లెక్కలు చెప్పించుకొందురు. ఒక నోటు పుస్తకములో ఆమెయు, ఆ సందులోని మరి కొందరు స్త్రీలును దినమునకెన్ని గంటలు అల్లుచున్నారో అతడు వ్రాసిపెట్టుచున్నాడు. తమ గంటలు కాగితము మీద చూచుకొని వారు మొదట నవ్విరి, పిమ్మట మౌనమైరి. ఆ పుస్తకము పట్టుకొని అందరును కలిసి ఏజెంటును అడిగిరి. అతడు మొదట కోపగించెను, దారమివ్వననెను. నెల దాటిన తరువాత కొద్దిగా కూలి పెంచెను. అది చాలదు. అయినను ఆ వృద్ధురాలు ఇప్పుడు ఎవరైన అడిగిన తీరిక వేళ అల్లుచున్నానని చెప్పదు. రోజుకు ఏడు గంటలు అని చెప్పును.

2023లో అతని కంపెనీ వారు నెలకొక వారము ఆఫీసునకు రావలెనని ఉత్తరువు చేసిరి. అతడు నెలనెల రాత్రి రైలెక్కి పోయి వచ్చుచున్నాడు. ముందు ముందు అసలే రమ్మందురేమో తెలియదు. పోవలసి వచ్చినచో పోవును. కాని ఇప్పుడతడు హైదరాబాదు పోయిన వారములో సందులోని పిల్లలు వచ్చి, "అన్నయ్య ఎప్పుడొస్తాడు?" అని మా అక్కను అడుగుచున్నారు. ఊరిలో ఉన్న రెండున్నర యేండ్లలో ఎవరును అడుగని ప్రశ్న అది.

ప్రియ పాఠకులారా, ఈ పత్రిక చదువు మీలో కొందరు పల్లెలలోనే పుట్టి పెరిగి, ఒక్కనాడును ఊరు విడువనివారై యుందురు. ఇది కంప్యూటరు వారి సంగతి, మాకేమి యని అనుకొనకుడి. ఊరిలోనే యుండి ఊరిలో లేకుండుటకు కంప్యూటరు అక్కరలేదు. ఆస్తి తగవులు చాలును, పాత పగలు చాలును, చేతిలోని ఫోను చాలును. మీ పెరటిగోడ కవతల ఎవరున్నారు? వారింట ఈ వారమున పొయ్యి వెలిగినదా? ఆపద వేళ వారు వేయు కేకలో మీ పేరుండునా?

మీకు దేవుడు నిదానమైన దినములను అనుగ్రహించినచో వాటిని సంతోషముతో అనుభవించుడి. గోదావరిని చూడుడి, చెట్టు నీడను కూర్చుండుడి, పిల్లలతో ఆడుకొనుడి. అయితే ఈ సాయంకాలము ఒక్క పని చేయుడి. పెరటి తలుపు తీసి, గోడ కవతలి వారిని పేరు పెట్టి పిలిచి, మీరు ఊరిలోనే ఉన్నారని చెప్పుడి.